సాలెగూటి వంతెన మీద అరచెయ్యి

రండి రండి, దగ్గరికి జరగండి. బండి మీద కూచున్నవాళ్ళు కిందకి దిగండి, వెనకాల నించున్నవాళ్ళు కూలబడండి. ఓ వదినా, ఆకుకి సున్నం తర్వాత రాద్దువుగానీ, డబ్బీ మూత పెట్టు. ఏవయ్యా ఎర్ర తలపాగా, నీ కోడలి సంగతి రేపు చెప్పుకుందువు, ఇవాళ్టికి నోరు కట్టుకో. గుసగుసలు కూడా వద్దు. ఈ కథలో ఓ సాలీడు ఉంది, సన్న చప్పుడుకే లేస్తుంది. అది లేచిందంటే మాత్రం నాకు సంబంధం లేదు.

మణిమంతపురానికి ఉత్తరాన మేకలకొండ. ఆ కొండ మీద నాంచారి జేజి అని ఓ ముసలావిడ ఉండేది. ఆవిడ వయసెంతని అడిగితే కొండే చేతులు కట్టుకుని "నాకంటే పెద్దదండీ" అనేది. ఆవిడకి ఇద్దరు శిష్యులు.

మొదటివాడు బయ్యన్న. ఒకప్పుడు మణిమంతపురంలో మల్లయోధుడు. భుజం మీద కొబ్బరికాయ పెట్టుకుని దగ్గాడంటే కాయ ముక్కలైపోయేది. అట్లాంటివాడు పొగరుకొద్దీ ఓసారి జేజి చెయ్యి పట్టి లాగబోయాడు. ఎట్లా ఎగిరాడో తెలీదు, చూసుకునేసరికి చింతచెట్టు చిటారుకొమ్మకి గబ్బిలంలాగా వేలాడుతున్నాడు. జేజి చేతిలో మజ్జిగ ముంత చుక్క ఒలకలేదు. అక్కణ్ణించే తలకిందులుగా దండం పెట్టి, "నాకు నేర్పు జేజీ" అన్నాడు.

రెండోవాడు పోలయ్య. ఉప్పు అమ్ముకునేవాణ్ణని చెప్పుకుని కొండెక్కి వచ్చాడు. నాజూకు మనిషి, నవ్వితే బుగ్గ సొట్ట పడేది. బయ్యన్నని "అన్నా" అని పిలిచేవాడు. వెనకా ముందూ ఎవరూ లేనివాడు బయ్యన్న, ఆ ఒక్క పిలుపుకే వెన్నలా అయిపోయేవాడు. ఒకే ఆకులో తిన్నారు, ఒకే గొంగట్లో పడుకున్నారు, ఒకరి వీపు ఒకరు గోక్కున్నారు.

జేజి నేర్పేది పొరవిద్య.

"ఒరే ఎద్దా," అనేది బయ్యన్నని. "మేకని ఒలిచేటప్పుడు చూశావా? తోలుకీ కండకీ మధ్యన తెల్లగా, పల్చగా, తడితడిగా ఓ పొర ఉంటుంది. నీలోనూ ఉంది. మడమ కాణ్ణించి మాడు దాకా ఒకటే వల, ఎక్కడా కుట్టు లేదు. బత్తాయి తొనల్ని చుట్టుకున్నట్టు ప్రతి కండనీ అదే చుట్టుకుని ఉంది. నువ్వు కండ బిగించావా, ఆ వల ముడేసుకుని కూచుంటుంది. వదిలావా, కాలి బొటనవేలు కదిలిన కబురు చేతి చిటికెనవేలికి అందుతుంది. పిల్లి నిద్ర లేచి ఒళ్ళు విరుచుకుంటుంది చూడు, దానికెవరు నేర్పారు? నీకూ వచ్చు. మర్చిపోయావంతే."

ఆ మర్చిపోయింది గుర్తు రావాలంటే నెమ్మదిగా కదలాలి. ఎంత నెమ్మదిగా అంటే, బయ్యన్న చెయ్యి ఎత్తడం మొదలెడితే, అది భుజం దాకా వచ్చేలోపు గిజిగాడు మోచేతికి గూడు అల్లేసింది. పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోయేదాకా పాపం ఆ చెయ్యి దించలేదు. నమ్మకపోతే ఆ పిట్టల్నే అడగండి.

ఇంకోటి జోడు నిలుపు. ఇద్దరూ ఎదురుబొదురు నించుని, అరచేతులకి అరచేతులు ఆనించి, కళ్ళు మూసుకుని, ఒకరి బరువు ఒకరికి అప్పగించుకోవాలి. అరచేతిలోంచి ఎదుటివాడి మడమ దాకా తెలిసిపోవాలి. దానికి జేజి ఓ కట్టడి పెట్టింది. "జోడుగాడి ఒంట్లో ఎక్కడన్నా బిగువు తగిలిందా, వాడిదని అనుకోకు. నీ బిగువే వాడిలో తగులుతోందనుకో. నువ్వు ఇంకాస్త వదులవ్వు."

బయ్యన్న ఈ మాటని పొద్దున లేస్తే తలుచుకునేవాడు. ఆ మాటే వాడి కొంప ముంచింది.

ఓ పొద్దున పోలయ్య వంట చేస్తున్నాడు. ఉన్నట్టుండి పొయ్యిలోంచి ఎండుమిరపకాయల ఘాటు గుప్పుమని లేచింది. కొండ మీది మేకలన్నీ ఒక్కసారి చీదాయి. ఘాటుకి జేజి కూడా "హాచ్" అంది. మనిషన్నాక తుమ్మేటప్పుడు కాలిగోరు కాణ్ణించి బిగుసుకోవాల్సిందే, జేజికైనా తప్పదు. సరిగ్గా అప్పుడే ఆకాశంలో రాబందు మీద శిలాజంఘుడు!

శిలాజంఘుడంటే మాంత్రికుడు. మోకాళ్ళ కింద రెండు కాళ్ళూ నల్లరాయి. నడిస్తే రోలు దొర్లినట్టు ధన్ ధన్ మంటుంది. వాడి మంత్రం తగిలినప్పుడు ఒళ్ళు బిగిసి ఉన్నవాడు రాయైపోతాడు. వదులుగా ఉన్నవాణ్ణి అది ఏమీ చెయ్యలేదు. అందుకే లోకం మొత్తం మీద వాడికి భయం జేజీ, జేజి చేతికింద తయారైన బయ్యన్నా.

"బిగు!" అని పైనుంచి అరిచాడు. జేజి పాదాలు టక్కున రాయైపోయినయ్. ఆ రాయి చీమలబారులాగా పైకి పాకడం మొదలెట్టింది. రాబందు రెక్కలు దులుపుకుని తిరుగుదారి పట్టింది.

"ఏడవకండ్రా," అంది జేజి, ముక్కు తుడుచుకుంటూ. "పొద్దు గుంకేసరికి ఇది గొంతు దాకా వస్తుంది. ఆపైన మీ జేజి ఓ బండ, బట్టలుతుక్కోండి. వాడి కోటలో కరుగునూనె ఉంది. రాస్తే రాయి మళ్ళీ ఒళ్ళవుతుంది. సాలెలోయ దాటి తేవాలి. జోడు కట్టి దాటండి, ఒక్కడివల్ల అయ్యే పని కాదు."

"నా చేతులు జారి మిరపకాయలు పొయ్యిలో పడినయ్ అన్నా," అని పోలయ్య గుండెలు బాదుకున్నాడు.

"ఊరుకో తమ్ముడూ. వంటన్నాక జారుతుంటయ్," అని బయ్యన్న వాడి కళ్ళు తుడిచి, భుజం మీద ఎక్కించుకుని పరుగెత్తాడు. ఆ పరుగుకి దారిలో కుందేళ్ళు పక్కకి తప్పుకుని సలాం చేశాయి.

మిట్టమధ్యాన్నానికి సాలెలోయ వచ్చింది. అబ్బ, ఏం లోయ అది! కింద పొగమంచు పాలకుండ పగిలినట్టు పరుచుకుని ఉంది. రాలిన ఆకు అడుక్కి చేరేలోపు ఎండి, నలిగి, మన్నైపోతుంది. అవతల గట్టున మాంత్రికుడి కోట, నెమలికంఠం రంగు గోడలు, పగడాల గవాక్షాలు, బంగారు శిఖరాల మీద ఎండ పడి కళ్ళు చెదిరిపోతున్నయ్. ఈ గట్టుకీ ఆ గట్టుకీ మధ్య వంతెన లేదు. ఒక్క సాలెగూడు ఉంది. ఏనుగుని కట్టే మోకుల్లాంటి దారాలు, వాటి మీద మంచుబొట్లు ముత్యాలసరాల్లాగా మెరుస్తున్నయ్. గట్టు నించి గట్టుకి పోయే దారాలు పొడిగా ఉంటయ్. వాటికి అడ్డంగా చుట్టినవన్నీ జిగురు. నడిమధ్యన గున్న ఏనుగంత సాలీడు ముడుచుకుని పడుకుంది. దానికి కళ్ళు లేవు. దారం వణికితేనే దానికి లోకం ఉన్నట్టు. ఏ మూల దారం వణికినా ఆ మూల ఏదుందో, ఎంత బరువుందో, భయపడుతోందో లేదో దానికి తెలిసిపోతుంది.

"అన్నా, కళ్ళు మూసుకుందాం," అన్నాడు పోలయ్య.

ఇద్దరూ పక్కపక్కనున్న రెండు పొడి దారాల మీద ఎదురుబొదురు నించుని అరచేతులు ఆనించారు. బరువు అప్పగించుకున్నారు. ఇద్దరి బరువూ చేతుల్లో కలిసి ఒకదాన్నొకటి మోసుకుంటుంటే దారం మీద పడేది ఈకంత. పక్కకి ఓ అడుగు. ఊపిరి. మళ్ళీ పక్కకి ఓ అడుగు. ఎవరు కదులుతున్నారో, ఎవర్ని ఎవరు కదిలిస్తున్నారో తెలీదు, ఏటిలో రెండు కలువకాడలు ఊగినట్టు సాగిపోయారు. సాలీడు పక్కనించి, దాని కాలివెంట్రుకలు చెవులకి తగులుతుండగా దాటేశారు. అది నిద్రలో గురక పెట్టింది కూడా. సాలీడు గురక పెడుతుందా అనకండి, ఇది పెట్టింది.

పొద్దు వాలుతుండగా అవతలి గట్టు దగ్గరపడింది. అప్పుడు తగిలింది బయ్యన్నకి, పోలయ్య ఎడమ మడమలో ఓ ముడి. చిన్నదే, శనగ్గింజంత. మడమలో పుట్టి, పిక్కలోకి పాకి, నడుముని పట్టుకుంది. దూకబోయేవాడి ఒంట్లో పుట్టే బిగువు అది. ఇంకెవడైనా అయితే కళ్ళు తెరిచి చూసేవాడే.

బయ్యన్న తెరవలేదు. 'నాదే,' అనుకున్నాడు. 'గట్టు దగ్గరపడగానే నాకు ఆత్రం పుట్టింది. నా ఆత్రమే పాపం తమ్ముడిలో తగులుతోంది.' ఉన్న కాస్త బిగువూ వదిలేసి, మొత్తం బరువు తెచ్చి తమ్ముడి చేతుల్లో పోశాడు.

అరచేతులు లేవు.

అవి ఉన్నచోట గాలి ఉంది. పోలయ్య ఒక్క దూకు దూకి గట్టెక్కాడు. బయ్యన్న బోర్లాపడి, జిగురు దారాల్లో చేపలాగా చిక్కుకున్నాడు. గూడంతా ఝల్లుమంది. నడిమధ్యన గురక ఆగిపోయింది.

"జారావా తమ్ముడూ? దెబ్బ తగిలిందా?" అన్నాడు బయ్యన్న. చూశారా, అప్పుడు కూడా!

గట్టు మీద ధన్ ధన్ మని చప్పుడైంది. సాలెగూటి పెద్దమోకు కట్టిన స్తంభం పక్కన శిలాజంఘుడు నించుని చప్పట్లు కొడుతున్నాడు. "భళా యువరాజా! పొద్దున మిరపకాయలు వేసినదానికంటే ఇది బాగా చేశావు."

బయ్యన్నకి అర్థం కాలేదు. యువరాజెవడు? వెనక్కి చూద్దామంటే మెడ అంటుకుపోయింది.

"నేనే అన్నా," అన్నాడు పోలయ్య. మొహం ఎటో తిప్పుకున్నాడు. "నా పేరు కుసుమకేతు. మణిమంతపురం రాజు మా నాన్న. సింహాసనం మీద కూచున్నవాడు కూచున్నట్టే రాయైపోయాడు. కిరీటం మీద పావురాలు రెట్టలేస్తున్నయ్ అన్నా. జేజినీ నిన్నూ అప్పగిస్తే ఈ మాంత్రికుడు నూనె ఇస్తానన్నాడు."

"మరి ఉప్పు?" అన్నాడు బయ్యన్న.

"ఎప్పుడూ అమ్మలేదన్నా."

"జేజి నీకు జొరమొస్తే ఒళ్ళో పడుకోబెట్టుకుంది కదరా."

శిలాజంఘుడు నడుముకున్న పచ్చ బుడ్డి తీసి యువరాజు చేతిలో పడేశాడు. "ఇంద. ఒక్క మనిషికే సరిపోతుంది, ఒలకబోసుకోకు. కాసేపు కూచో, తమాషా చూసి పోదువుగానీ."

సాలీడు లేచింది. తాటిమొద్దుల్లాంటి కాళ్ళు ఒకటొకటే దారాల మీద మోపి, ఎక్కడ వణుకుతోందా అని వింటోంది.

బయ్యన్నకి ఒళ్ళు మండిపోయింది. పాత మల్లుడు లేచి కూచున్నాడు లోపల. దవడ బిగిసింది, దవడతోపాటు దారం బిగిసింది. భుజం లాగాడు, నాలుగు కొత్త దారాలొచ్చి భుజాన్ని కరుచుకున్నయ్. అటు గట్టు మీదనుంచి శిలాజంఘుడు నోరు తెరుస్తున్నాడు, "బి..." అని. ఇంకొంచెం బిగిస్తే రాయైపోతాడు. రాయి కాకపోతే సాలీడు. ఇక్కడ తనైపోతే అక్కడ జేజి అయిపోతుంది. ఇప్పటికే నడుము దాకా వచ్చి ఉంటుంది రాయి.

వదులవ్వాలి. ఎట్లా వదులవుతాడు చెప్పండి? మీ వీపు గోకినవాడే మిమ్మల్ని పడేస్తే మీరవుతారా? దవడలో కోపం వదిలితే గొంతులోకి పోయింది. గొంతులోది వదిలితే చంకలో దాక్కుంది. "అన్నా" అన్న పిలుపు ఒకటి ఒళ్ళంతా తిరుగుతోంది, తగిలినచోటల్లా ముడేస్తోంది.

ఆఖరికి ఏడుపొచ్చింది. ఏడుపొస్తే ఒళ్ళు వదులవుతుంది గానీ, ఎక్కిళ్ళొస్తే దారం ఊగుతుంది. అందుకని బయ్యన్న ఎక్కిళ్ళు లేకుండా ఏడ్చాడు. కళ్ళలోంచి నీళ్ళని పోనిచ్చాడు, అంతే. ఒక చుక్క జారి దారం మీద పడింది. టప్. సాలీడు కాలెత్తి ఇటు తిరిగింది. బయ్యన్న మెల్లిగా, గిజిగాడికి చెయ్యి అప్పిచ్చినప్పటికంటే మెల్లిగా, మొహం పక్కకి వాల్చాడు. జిగురు మెడని వదిలిపెట్టింది, లాగలేదుగా మరి. వెల్లకిలా తిరిగాడు. కన్నీళ్ళు చెవుల్లోకి పోయి నిండినయ్. దవడ, గొంతు, చంక, నడుము, ఒక్కొక్క ముడే నీళ్ళలో పడ్డ ఉప్పుగల్లులాగా కరిగింది. కోపం పోయిందా అంటే పోలేదు. పట్టుకోవడానికి ఒంట్లో దానికి ముడి దొరకలేదు.

"బిగు!" అని అరిచాడు శిలాజంఘుడు. మంత్రం వచ్చి బయ్యన్నకి తగిలి, పట్టుకునేందుకేమీ లేక, పక్కన ఎగిరే ఓ కొంగకి తగిలింది. పాపం అది రాయై లోయలో పడిపోయింది.

సాలీడు వచ్చి బయ్యన్న గుండెల మీద కాలు మోపింది. వాడు తొయ్యలేదు, బిగబట్టలేదు, చోటిచ్చాడు. కాలు దిగినంతా దిగనిచ్చాడు, లేచేటప్పుడు దాంతోపాటు ఊపిరి తీసుకున్నాడు. నీటిగుంటలో కాలేశాననుకుని సాలీడు దాటిపోయింది.

అప్పుడు తెలిసింది బయ్యన్నకి. వీపు కింద మోకులన్నీ మాట్లాడుతున్నయ్. సాలీడు ఎటు పోతోందో, గట్టు మీద స్తంభం ఎంత లోతు పాతారో, పెద్దమోకు మీద శిలాజంఘుడు రాతికాలు ఎంత బరువుగా ఆనించాడో, దాని పక్కనే ఓ నాజూకు పాదం ఎంతగా వణుకుతోందో, అన్నీ వీపులోకి వస్తున్నయ్. లోపలున్నది ఓ వల, బయటున్నది ఓ వల, జిగురు రెండిట్నీ కలిపి కుట్టేసింది. తప్పించుకోవడం ఎందుకు? కుడి మడమని కాస్త వాల్చాడు. పసిపిల్లాడు నిద్రలో బోర్లాపడ్డట్టు, పట్టులేకుండా, తొందరలేకుండా. మడమలో పుట్టిన అల పిక్క ఎక్కి, నడుము తిరిగి, వెన్నులో పెరిగి, చేతివేళ్ళలోంచి మోకుల్లోకి పోయింది. పోతూ పోతూ పెద్దదై, పెద్దమోకుని పామై కొట్టింది. స్తంభం గింగిరాలు తిరిగింది.

శిలాజంఘుడికి మోకాళ్ళ కింద రాయి కదా, వంగలేడు. నిట్టనిలువునా పడి, కోటమెట్ల మీద పొత్రంలాగా దొర్లుకుంటూ, "ఆపండ్రా, ఆపండ్రా" అని అరుచుకుంటూ పోయాడు. ఎంత దూరం పోయాడంటే అరుపు సన్నబడి దోమ పాటైపోయింది.

యువరాజు మాత్రం ఇటు ఎగిరాడు. లోయ మీద ఒక పొడిదారం దొరికితే ఒంటిచేత్తో పట్టుకుని వేలాడాడు. రెండో చేతిలో బుడ్డి. వాడి వణుకుకి గూడంతా చిడతల్లాగా మోగింది. సాలీడు గిర్రున వెనక్కి తిరిగింది.

"అన్నా! చెయ్యి!"

బయ్యన్న కుడిచేతిని ఒక్కొక్క వేలే జిగురులోంచి ఒలుచుకున్నాడు. పడమటి కొండ అంచుకి పొద్దు ఆనింది. జేజికి రొమ్ముల దాకా వచ్చేసి ఉంటుంది. ఆ బుడ్డి పడిపోతే అంతే.

"చెయ్యి ఇస్తే నూనె ఎవరికిరా?"

యువరాజు దారం మీద పట్టు బిగించాడు. "నువ్వేం చెప్పమంటే అది చెప్తానన్నా."

మిరపకాయలప్పుడు కూడా ఇదే గొంతు, ఇదే మొహం అనుకున్నాడు బయ్యన్న. "నోటితో చెప్పకు. బుడ్డి పళ్ళతో పట్టుకో. అరచెయ్యి ఇటు పెట్టు."

పెట్టాడు. చెమట పట్టి చల్లగా ఉంది. ఆ చేతిలోంచి బయ్యన్న లోపలికి విన్నాడు. మోచెయ్యి, వెన్ను, నడుము, ఎడమ మడమ. ఉంది. అదే శనగ్గింజంత ముడి, దూకడానికి సిద్ధంగా.

"ఇది నాది కాదు తమ్ముడూ," అన్నాడు బయ్యన్న నెమ్మదిగా. "నీదే. నువ్వు దీన్ని వదిలితే నిన్ను మోస్తాను. వదలకపోతే ఈసారి చెయ్యి తీసేది నేను."

యువరాజు కళ్ళు మూసుకున్నాడు. ముడి బిగిసింది, కాస్త జారింది, మళ్ళీ బిగిసింది. సాలీడు ఇద్దరి నెత్తి మీదికి వచ్చి కాలెత్తింది. యువరాజు పట్టుకుని వేలాడుతున్న దారం పుటుక్కున తెగింది. యువరాజు బరువు మొత్తం, పళ్ళ మధ్య పచ్చబుడ్డితో సహా, బయ్యన్న అరచేతి మీదికి వచ్చి పడింది.

కోటగుమ్మం దగ్గర కాపలావాడొకడు సగం కొరికిన జామకాయ చేత్తో పట్టుకుని ఇదంతా నోరెళ్ళబెట్టి చూస్తున్నాడు. వాడు చేతులు రెండూ ఊపుతూ గట్టిగా కేకేశాడు:

"ఓ అన్నయ్యలూ! కాస్త అట్లానే ఉండండి, ఊరికే చెప్తే మా ఇంటిది నమ్మదు! పొయ్యి మీద అన్నం ఉంది, వార్చగానే వెంటబెట్టుకొస్తా, మేం వచ్చేదాకా ఎవరూ చావకండేం!"